హార్స్‌పవర్, టన్ను, కేవీఏ అన్నీ కిలోవాట్లలోకి మార్చి కూడితే మొత్తం ఎందుకు తప్పుతోంది?

కొత్తలెక్క:
సభ్యులందరికీ నమస్కారం. ఒక చిన్న వర్క్‌షాపుకు జనరేటర్ ఎంచే పని నా మీద పడింది. అక్కడి యంత్రాల వివరాలన్నీ పట్టికగా రాసుకొని, అన్నింటినీ కిలోవాట్లలోకి మార్చి కూడదామని కూర్చున్నాను. మోటారు 5 హార్స్‌పవర్. ఏసీ 1.5 టన్ను, దాని పుస్తకంలో గంటకు 18,000 బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) అని ఉంది. కంప్యూటర్లకూ దీపాలకూ కలిపి ఒక యూపీఎస్ ఉంది, అది 1,000 వీఏ, అంటే వోల్ట్-ఆంపియర్లు; వెయ్యి వీఏ ఒక కేవీఏ. మేము చూస్తున్న జనరేటర్ 7.5 కేవీఏ, దాని ఇంజను 12 పీఎస్.

మొదటి వరుసలోనే చిక్కు వచ్చింది. 5 హార్స్‌పవర్ అంటే 3.728 కిలోవాట్లని ఒక కాలిక్యులేటర్ చెబుతోంది, 3.677 అని ఇంకొకటి చెబుతోంది, మోటారు పలక మీద మాత్రం 3.7 అని చెక్కి ఉంది. వీటిలో ఏది సరైనది? ఇక రెండో సందేహం: 3.73, 5.27, 1.0 కూడితే సరిగ్గా 10 కిలోవాట్లు వచ్చింది. ఈ మొత్తాన్ని నమ్మి ముందుకు వెళ్లవచ్చా?

యంత్రమిత్ర:
కాలిక్యులేటర్లు రెండూ తప్పు చెప్పలేదు. హార్స్‌పవర్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి అడుగులు, పౌన్ల లెక్కలో పుట్టినది: సెకనుకు 550 అడుగు‌-పౌన్ల పని. రెండోది మెట్రిక్ హార్స్‌పవర్: 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున పైకెత్తే పని. మీ ఇంజను మీద రాసిన పీఎస్ ఈ రెండోదే. పేరు జర్మన్ భాషలోది, దాని అర్థమూ గుర్రపు బలమే.

జేమ్స్ వాట్ ఈ కొలతను ఎందుకు తెచ్చాడో తెలిస్తే సంఖ్య అంత వింతగా ఎందుకుందో అర్థమవుతుంది. గుర్రాలతో మర తిప్పించుకునే వాళ్లకు ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు అన్నది చెప్పవలసి వచ్చింది. 12 అడుగుల వ్యాసార్ధం గల వలయంలో, గంటకు 144 చుట్లు, 180 పౌన్ల బలంతో లాగుతూ గుర్రం తిరుగుతుందని ఆయన లెక్క. చుట్టుకొలత 75.4 అడుగులు, నిమిషానికి 2.4 చుట్లు, గుణిస్తే నిమిషానికి సుమారు 32,570 అడుగు‌-పౌన్లు వస్తాయి. దాన్ని 33,000కు సరిచేశారు. 33,000ను 60తో భాగిస్తే 550.

గణితాభిమాని:
యంత్రమిత్ర గారు చెప్పిన నిర్వచనాల నుంచే వాట్లు రాబట్టవచ్చు, కంఠస్థం చేయనక్కరలేదు. అడుగు 0.3048 మీటరు, పౌను బలం 4.44822 న్యూటన్లు. 550 × 0.3048 × 4.44822 = 745.70 వాట్లు. మెట్రిక్ వైపు 75 × 9.80665 = 735.49875 వాట్లు. ఇంకా మూడోది కూడా ఉంది. విద్యుత్ మోటార్ల కోసం హార్స్‌పవర్‌ను కచ్చితంగా 746 వాట్లుగా నిర్వచించుకున్నారు. మొదటిదానికీ మూడోదానికీ తేడా 0.3 వాటు, దాన్ని పట్టించుకోవలసిన పని లేదు. మొదటిదానికీ రెండోదానికీ తేడా మాత్రం 1.4 శాతం. అందువల్ల 100 హార్స్‌పవర్ ఇంజనునే పీఎస్‌లో రాస్తే 101.4 అవుతుంది, ఇంజను ఏమాత్రం మారకుండానే.

మీ 5 హార్స్‌పవర్‌కు ఈ రెండు లెక్కల మధ్య తేడా 51 వాట్లు.

కొత్తలెక్క:
ధన్యవాదాలు. అయితే పలక మీది 3.7 ఈ రెండింటిలోనూ కలవడం లేదు కదా?

యంత్రమిత్ర:
మోటార్ల తయారీలో కొన్ని స్థిరమైన పరిమాణాలు ఉంటాయి. 0.75 కిలోవాట్ల మోటారును 1 హార్స్‌పవర్ అని, 1.5ను 2 అని, 2.2ను 3 అని, 3.7ను 5 అని, 7.5ను 10 అని, 11ను 15 అని జంటలుగా పిలుస్తారు. ఇవి గుణించి తెచ్చిన సమానాలు కావు, పక్కపక్కన పెట్టుకున్న పిలుపు పేర్లు. 1కి 0.75 అన్నప్పుడు సంఖ్య కాస్త పైకి జరిగింది, 15కు 11 అన్నప్పుడు కిందికి జరిగింది. కచ్చితంగా గుణిస్తే 15 హార్స్‌పవర్ 11.19 కిలోవాట్లు కావాలి. పలక మీద కిలోవాట్లు రాసి ఉంటే దాన్నే తీసుకోండి, పక్కనున్న హార్స్‌పవర్‌ను మళ్లీ గుణించవద్దు.

శీతలయంత్రం:
మీ రెండో సందేహానికి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ 10 కిలోవాట్లలో సగానికి పైగా ఏసీ వరుస నుంచి వచ్చింది, పెద్ద తప్పు అక్కడే ఉంది. మీరు 18,000ను 0.29307తో గుణించి 5,275 వాట్లు తెచ్చారు. గుణకారంలో దోషం లేదు. కానీ ఆ 5,275 వాట్లు ఏసీ విద్యుత్ తీగ నుంచి తీసుకునేవి కావు, గదిలోంచి బయటకు తోడి పోసే వేడి.

టన్ను అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఇది స్పష్టమవుతుంది. యంత్రాలు రాక ముందు చల్లదనమంటే మంచుగడ్డే. 2,000 పౌన్ల మంచు, అంటే ఒక చిన్న టన్ను, 24 గంటల్లో కరిగిపోతే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత చల్లబరచడమే ఒక టన్ను. ఒక పౌను మంచు కరగడానికి 144 బీటీయూ కావాలి. 2,000 × 144 = 2,88,000; 24తో భాగిస్తే గంటకు 12,000 బీటీయూ; వాట్లలో 3,517. ఈ నిర్వచనంలో ఎక్కడా విద్యుత్తు ఊసు లేదని గమనించండి.

ఏసీ విద్యుత్తును వేడిగా మార్చి చల్లబరచదు. వేడిని ఒక చోటి నుంచి ఇంకొక చోటికి తరలించడానికి విద్యుత్తును వాడుతుంది, కనుక తీసుకున్నదాని కంటే ఎక్కువ వేడిని తరలించగలదు. ఏసీ పక్కనో వెనకో అంటించిన చీటీలో ఇన్‌పుట్ పవర్ అన్న వరుస ఉంటుంది. జనరేటర్ లెక్కకు కావలసింది ఆ అంకె.

ఇంకొక చిన్న విషయం చెప్పాలి. అందరూ బీటీయూ అనే అంటారు కానీ బీటీయూ శక్తికి ప్రమాణం. గంటకు ఇన్ని బీటీయూ అన్నప్పుడే అది సామర్థ్యం అవుతుంది. ఆ 'గంటకు' అన్న మాటను మింగేయడం వల్లే చాలా పట్టికల్లో తికమక వస్తోంది.

భౌతికపాఠం:
శీతలయంత్రం గారు చివర అన్నది పాఠం చెప్పేవాడిగా నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే మన భాషలోనే ఒక చిక్కు ఉంది. పాఠ్యపుస్తకాల్లో శక్తి అంటే పని చేయగలగడం, దాన్ని జౌళ్లలో కొలుస్తాం. సామర్థ్యం అంటే ఆ పని జరిగే రేటు, దాన్ని వాట్లలో కొలుస్తాం. సెకనుకు ఒక జౌలు చొప్పున పని జరిగితే ఒక వాటు. కానీ వాడుకలో హార్స్‌పవర్‌ను అశ్వశక్తి అనే అంటున్నాం, కరెంటును విద్యుచ్ఛక్తి అంటున్నాం, రెంటికీ శక్తి అన్న మాటే అంటుకుపోయింది. ఆ కారణంగా పిల్లలు 'ఈ హీటరు గంటకు 2 కిలోవాట్లు తీసుకుంటుంది' అని రాస్తారు. కిలోవాటులోనే సెకను ఇమిడి ఉంది, దానికి మళ్లీ 'గంటకు' తగిలించకూడదు. 2 కిలోవాట్ల హీటరు 3 గంటలు వెలిగితే 6 కిలోవాట్-అవర్ల శక్తి ఖర్చవుతుంది. దాని సామర్థ్యం మొదటి నిమిషంలోనూ చివరి నిమిషంలోనూ 2 కిలోవాట్లే.

తరగతిలో నేను ఒక లెక్క చేయిస్తాను. రోజుకు 2,000 కిలోకాలరీల ఆహారం తినే మనిషి సగటు సామర్థ్యం ఎంత? 2,000ను 4,186.8తో గుణిస్తే 83 లక్షల 73 వేల 600 జౌళ్లు. రోజుకు 86,400 సెకన్లు. భాగిస్తే 97 వాట్లు. పాతకాలపు 100 వాట్ల బల్బుకు కాస్త తక్కువ. ఈ లెక్క ఒక్కసారి చేతితో చేసినవాళ్లు శక్తినీ సామర్థ్యాన్నీ మళ్లీ కలగలపడం నేను చాలా అరుదుగా చూశాను.

కొత్తలెక్క:
ఇప్పుడే ఏసీ చీటీ చూసి వచ్చాను. ఇన్‌పుట్ 1,650 వాట్లు అని ఉంది. 5,275ను దానితో భాగిస్తే 3.2 వస్తోంది. అంటే నేను నా పట్టికలో ఏసీ భారాన్ని మూడింతలకు పైగా రాసుకున్నాను. యూపీఎస్ మీద నిజంగా నడిచే కంప్యూటర్లూ దీపాలూ కలిపి 600 వాట్లే. కొత్త మొత్తం 3.7 + 1.65 + 0.6 = 5.95 కిలోవాట్లు. 7.5 కేవీఏ జనరేటర్ హాయిగా సరిపోతుందన్నమాట. ఇప్పుడైనా సరిగ్గా చేశానా?

శీతలయంత్రం:
ఏసీ వరుస సరిపోయింది. మీరు భాగించి చూసిన 3.2కు అర్థం, తీసుకున్న ప్రతి వాటుకూ 3.2 వాట్ల వేడిని అది గదిలోంచి తోడుతోందని. బయట ఉన్న పెట్టె దగ్గర నిలబడితే తగిలే వేడి గాలిలో గదిలోని 5,275 వాట్లే కాదు, తీసుకున్న 1,650 వాట్లు కూడా ఉంటాయి, మొత్తం 6,925. మిగతా వరుసల గురించి యంత్రమిత్ర గారు చెప్పాలి.

యంత్రమిత్ర:
మోటారు వరుసలో ఏసీ తప్పే తిరగబడి వచ్చింది. ఏసీకి మీరు బయటకు ఇచ్చేదాన్ని రాసి ఎక్కువ లెక్క కట్టారు. మోటారుకు కూడా బయటకు ఇచ్చేదాన్నే రాశారు, ఇక్కడ లెక్క తక్కువ పడింది. మోటారు పలక మీది కిలోవాట్లు ఇరుసు దగ్గర దొరికే యాంత్రిక సామర్థ్యం. తీగలోంచి తీసుకునేది అంతకంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే కొంత వేడిగానూ రాపిడిగానూ పోతుంది.

దయచేసి పలకను మరోసారి శుభ్రంగా తుడిచి, దక్షత (తీసుకున్న వాట్లలో ఎంత భాగం ఇరుసు దగ్గరికి చేరుతుందో), పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో ఎంత భాగం వాట్లుగా పనికొస్తుందో), వోల్టులు, ఆంపియర్లు రాసి పంపండి.

నేను ఈ పాఠం నష్టపోయి నేర్చుకున్నాను. ఒకచోట 10 హార్స్‌పవర్ మోటారుకు 7.46 కిలోవాట్లని గుణించి, మూడు ఫేజుల 400 వోల్టుల మీద 10.8 ఆంపియర్లు వస్తాయని తేల్చి, దానికి తగిన సన్నటి తీగ వేయించాను. మోటారు పూర్తి భారంతో నడిచిన మధ్యాహ్నం తీగ మీద చెయ్యి వేస్తే పై తొడుగు మెత్తబడి చురుక్కుమంది. క్లాంప్ మీటరు తగిలిస్తే 14 ఆంపియర్లకు పైగా చూపింది. 746 అన్న గుణకం తప్పు కాదు. ఇరుసు దగ్గరి సామర్థ్యాన్ని తీగలోని సామర్థ్యంగా చదివిన నా చూపు తప్పు. తీగంతా మార్చవలసి వచ్చింది.

కొత్తలెక్క:
పలక మీద రంగు పూసేశారు. టార్చి వేసి, గుడ్డతో రుద్ది చదివాను. 3.7 కిలోవాట్లు, 5 హార్స్‌పవర్, 400 వోల్టులు, 7.7 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.82, దక్షత 85 శాతం.

గణితాభిమాని:
చక్కటి పలక, దాన్ని దానితోనే సరిచూడవచ్చు. మూడు ఫేజుల మోటారుకు 1.732 × 400 × 7.7 = 5,335 వోల్ట్-ఆంపియర్లు. 0.82తో గుణిస్తే తీగలోంచి తీసుకునే 4,374 వాట్లు. దాన్ని 0.85తో గుణిస్తే ఇరుసు దగ్గర 3,718 వాట్లు. పలక మీది 3.7 దగ్గరికే తిరిగి వచ్చాం. ఒకే మోటారుకు మూడు అంకెలు ఉన్నాయి: ఇరుసు దగ్గర 3.7 కిలోవాట్లు, తీగలో సుమారు 4.35 కిలోవాట్లు, జనరేటర్ మోయవలసినవి 5.3 కేవీఏ. వీటిలో దేన్నుంచి దేనికి వెళ్లడానికీ ప్రమాణాల పట్టిక సాయపడదు. దక్షత, పవర్ ఫ్యాక్టర్ ఆ యంత్రానివి.

భౌతికపాఠం:
కేవీఏకీ కిలోవాటుకీ మధ్య స్థిరమైన గుణకం ఎందుకు ఉండదో ఒక్క మాట చెబుతాను. ఏకాంతర విద్యుత్తులో వోల్టేజీ, కరెంటు రెండూ అలల్లా లేచి పడుతుంటాయి. రెండూ ఒకేసారి శిఖరానికి చేరితే వాటి లబ్ధం అంతా పనిగా మారుతుంది. మోటారులోని తీగచుట్ల వల్ల కరెంటు కాస్త వెనకబడుతుంది, అప్పుడు కొంత శక్తి పని చేయకుండానే మోటారుకూ జనరేటర్‌కూ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. పని చేసినా చేయకపోయినా ఆ కరెంటంతా జనరేటర్ చుట్ల గుండానే వెళ్లాలి, వాటిని వేడెక్కించాలి. జనరేటర్ మీద కిలోవాట్లకు బదులు కేవీఏ రాయడానికి కారణం అదే.

తాపమాపకం:
పాత బాయిలర్ల పట్టికలు చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. బాయిలర్ హార్స్‌పవర్ అని ఇంకొకటి ఉంది, అది గంటకు 34.5 పౌన్ల నీటిని 212 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆవిరి చేసే వేడి. వాట్లలో సుమారు 9,810. మామూలు హార్స్‌పవర్‌కు 13 రెట్లు. బాయిలర్ పత్రంలో కనిపించిన హార్స్‌పవర్‌ను 746తో గుణిస్తే జరిగే నష్టం 1.4 శాతం తేడా లాంటిది కాదు. గంటకు కిలోకాలరీల్లో రాసినవైతే 1.163తో గుణించండి, వాట్లు వస్తాయి.

రేడియోతరంగం:
ఇంతవరకూ వచ్చినవన్నీ గుణిస్తే మారిపోయే ప్రమాణాలు. మా రంగంలో గుణించడానికి వీల్లేనిది ఒకటి ఉంది. రేడియో పరికరాల సామర్థ్యాన్ని డీబీఎంలో చెబుతాం. ఒక మిల్లీవాటు సున్నా డీబీఎం. పది రెట్లు పెరిగిన ప్రతిసారీ 10 కలుస్తుంది: 10 మిల్లీవాట్లు 10 డీబీఎం, 100 మిల్లీవాట్లు 20, ఒక వాటు 30. రెట్టింపైతే సుమారు 3 కలుస్తుంది.

కొత్తలెక్క గారి పొరపాటుకు దగ్గరి చుట్టం మా దగ్గరా ఉంది. 20 డీబీఎం ఇచ్చే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ప్రసారాలు ఒకచోట కలిస్తే మొత్తం 40 డీబీఎం కాదు. 40 అంటే 10 వాట్లు. మన దగ్గర ఉన్నవి 100, 100 కలిసి 200 మిల్లీవాట్లే. సరైన జవాబు 23 డీబీఎం. కూడాలంటే ముందు వాట్లలోకి దిగాలి, కూడిన తరువాత మళ్లీ ఎక్కాలి. మరి మేము రోజూ డీబీఎంకు డెసిబెళ్లు కలుపుతూనే ఉంటాం కదా అంటే, అక్కడ కలిపేది యాంటెన్నా లాభమో తీగ నష్టమో, అంటే ఇన్ని రెట్లు అన్న నిష్పత్తి. సామర్థ్యానికి నిష్పత్తిని కలపవచ్చు, సామర్థ్యానికి సామర్థ్యాన్ని అలా కలపకూడదు.

చిన్నమాట:
మిల్లీవాటుకు చిన్న ఎమ్, మెగావాటుకు పెద్ద ఎమ్ అని అందరికీ తెలుసు. తెలుగులో మి.వా., మె.వా. అని పొట్టిగా రాస్తే మధ్య ఉన్నది ఒక గుడి, ఒక ఎత్వం మాత్రమే. అచ్చులో అది చెదిరితే తేడా వంద కోట్ల రెట్లు. పట్టికల్లో పూర్తి పేరు రాయమని నా విన్నపం.

సులభగణన:
ఇంత సూక్ష్మంగా అవసరమా అన్నది నా సందేహం. హార్స్‌పవర్‌ను ముప్పావుతో గుణిస్తే కిలోవాట్లు వచ్చేస్తాయి, నోటితోనే చేయవచ్చు. నేను పాతికేళ్లుగా అలాగే చేస్తున్నాను, ఏ యంత్రమూ ఆగలేదు.

గణితాభిమాని:
మీ పద్ధతిని నేను కాదనను. 0.75కూ 0.7457కూ తేడా 0.6 శాతం, యంత్రం ఎంచే పనికి అది పూర్తిగా సరిపోతుంది. అసలు 5 హార్స్‌పవర్ అని ఒక్క అంకెతో చెప్పిన దాన్ని 3.72849936 అని రాయడమే అసమంజసం, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపడం అవుతుంది. నేను అంగీకరించలేనిది రెండు సందర్భాల్లో. రెండు ఇంజన్లను పోల్చేటప్పుడు ఒకటి హార్స్‌పవర్‌లో, మరొకటి పీఎస్‌లో ఉంటే, ముప్పావు అన్న ఒకే గుణకం నిజమైన 1.4 శాతం తేడాను చెరిపేస్తుంది. ఇంజను పరీక్షల్లో వెతికేది అంత చిన్న తేడానే కావచ్చు. రెండోది, మధ్యలో ప్రతి మెట్టు దగ్గరా సరిచేసుకుంటూ పోవడం. 3.7ను 4 అనుకొని, దక్షతను 0.8 అనుకొని, పవర్ ఫ్యాక్టర్‌నూ 0.8 అనుకుంటే 6.25 కేవీఏ వస్తుంది. అసలు జవాబు 5.3. ఆఖరి అంకెను ఎంతైనా సరిచేయండి, మధ్య అంకెలను ముట్టుకోకండి.

సులభగణన:
పీఎస్ సంగతి నేను ఎప్పుడూ విడిగా చూడలేదు. అది ఒప్పుకుంటున్నాను.

కొత్తలెక్క:
పట్టికను మొత్తం చెరిపి మళ్లీ రాశాను. ఈసారి ప్రతి యంత్రానికీ రెండు గళ్లు పెట్టాను, తీగలోంచి తీసుకునే కిలోవాట్లు ఒకటి, కేవీఏ ఇంకొకటి. మోటారు 4.35, 5.31. ఏసీ పవర్ ఫ్యాక్టర్ చీటీలో 0.9 ఉంది కనుక 1.65, 1.83. యూపీఎస్ పది శాతం తినేస్తుందని, దాని పవర్ ఫ్యాక్టర్ కూడా 0.9 అని తీసుకొని 0.67, 0.74. మొత్తం 6.67 కిలోవాట్లు, 7.88 కేవీఏ. కేవీఏలను నేరుగా కూడకూడదని చదివాను, దాని సంగతేమిటి?

గణితాభిమాని:
ఒక్కో యంత్రంలో కరెంటు వోల్టేజీకి వెనకబడే కోణం వేరు కనుక నేరుగా కూడితే నిజమైన దానికంటే కాస్త ఎక్కువ వస్తుంది. పద్ధతి ప్రకారం చేసి చూశాను, 7.86 వచ్చింది. మీ యంత్రాల పవర్ ఫ్యాక్టర్లు దగ్గరదగ్గరగా ఉన్నందువల్ల తేడా లేనట్టే.

యంత్రమిత్ర:
7.5 కేవీఏ చాలదని తేలిపోయింది. 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర అది ఇవ్వగలిగేది 6 కిలోవాట్లే, రెండు గళ్లలోనూ మీ అవసరం దాన్ని దాటింది. 10 కేవీఏ నడుస్తున్న భారానికి సరిపోతుంది, కానీ మోటారును నేరుగా స్టార్ట్ చేస్తే ఆ కొద్ది సెకన్లూ మామూలు కరెంటుకు ఆరు రెట్ల వరకు లాగుతుంది, అంటే 30 కేవీఏ పైమాటే. మోటారును మొదట తక్కువ వోల్టేజీతో కదిలించే స్టార్-డెల్టా స్టార్టరు పెడితే అది మూడో వంతుకు దిగుతుంది. అమ్మేవాళ్లతో మాట్లాడేటప్పుడు 7.88తో పాటు ఈ అంకె కూడా చెప్పండి.

కొత్తలెక్క:
అలాగే చెబుతాను. ఇంజను వరుస కూడా సరిచేశాను. 12 పీఎస్‌ను 0.7355తో గుణించి 8.83 కిలోవాట్లు అని రాశాను, దాని పక్కన 'ఇరుసు దగ్గర' అని రాసి, మొత్తంలో కూడకుండా వదిలేశాను.